సర్వదమనుడు, భరతుడు: ఎడబాసిన తల్లిదండ్రులు, బిడ్డ పేరు

శకుంతలోపాఖ్యానమును గూర్చి మన విమర్శకులు వ్రాసినది కొద్ది కాదు. నన్నయగారి శకుంతల రాజసభలో చేసిన సత్యవాక్యప్రశంసను, కాళిదాసు కల్పించిన దుర్వాసశాపమును, ఉంగరపు కథను పలువురు పలు విధముల పరిశీలించిరి. కాని ఆ కథలోని బాలునకు రెండు పేర్లు ఎట్లు వచ్చినవి, వానిని ఎవరు పెట్టిరి, రెండవది వచ్చిన పిదప మొదటిది ఏమయ్యెను అను ప్రశ్నకు దక్కవలసినంత చోటు దక్కలేదని నా యభిప్రాయము. ఇది నిఘంటుకారులకు వదలిపెట్టదగిన స్వల్పవిషయము కాదు. ఆలుమగలు వేరుపడిన పిమ్మట, కలిసియున్న దినములలో బిడ్డకు పెట్టిన పేరు వారిలో ఒకరికి ముల్లై గ్రుచ్చుకొనుట నేడు మన కుటుంబములలో వినబడుచున్నది. అత్తవారి పెద్దల పేరు బిడ్డకు పెట్టి, పిదప ఆ యింటినుండి బయటకు వచ్చిన తల్లి దినమునకు నూరుమార్లు ఆ పేరే పలుకవలసివచ్చును. మార్చుదమా యన్న, బిడ్డ అప్పటికే ఆ పేరునకు పలుకుచుండును. ఈ క్లేశమును మన కావ్యములు ఎట్లు చూచినవని వెదకుచు పోగా మొట్టమొదట ఎదురుపడువాడు ఈ రెండు పేర్ల బాలుడు.

వ్యాసభారతమున కథ యిట్లున్నది. కణ్వాశ్రమమున పుట్టిన ఆ బిడ్డ ఆరేండ్ల ప్రాయముననే సింహములను, పులులను, ఏనుగులను పట్టితెచ్చి చెట్లకు కట్టివేయుచు, వానిపై నెక్కి ఆడుకొనుచుండెను. అన్నిటిని అణచువాడు గనుక ఆశ్రమవాసులు వానికి సర్వదమనుడని పేరిడిరి. తండ్రి అచ్చట లేడు. సేనను పంపి పిలిపించుకొందునని మాట యిచ్చి పోయినవాడు తిరిగి చూడలేదు. తల్లి అచ్చటనే యున్నను ఆ పేరు ఆమె పెట్టినది కాదు. చూచిన నలుగురు, బిడ్డ చేసిన పనిని బట్టి పెట్టినది. అందు తండ్రి వంశమునకు చోటు లేదు, తల్లి దుఃఖమునకును చోటు లేదు. వేరుపడిన తల్లిదండ్రుల బిడ్డకు ఇంతకన్న నిర్మలమైన పేరు దొరకుట కష్టము.

తరువాత రాజసభ. దుష్యంతుడు ఆమెను ఎరిగియుండియే ఎరుగననెను. భారతకథలో శాపము లేదు, ఉంగరము లేదు. రాజునకు లోకాపవాదభీతి యొక్కటియే కలదు. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున ఈ కథను తెనిగించిన నన్నయగారు కూడ రాజునకు శాపమను చాటు కల్పింపలేదు. ఒక రాజు కోరగా వ్రాసిన గ్రంథమున మరియొక రాజు సభలో కల్లలాడుటను దాచకుండుట సామాన్యము కాదు. అప్పుడు ఆకాశవాణి పలికి, వీడు నీ కుమారుడు, వీనిని భరింపుమని రాజును ఆజ్ఞాపించినది. మా మాట వలన నీవు భరింపవలసినవాడు గనుక వీని పేరు భరతుడగుగాక యని మూలమున స్పష్టముగా కలదు. ఈ మాటలోనిది భృ ధాతువు. భరించుట, పోషించుట దాని యర్థము. భర్త యను మాట అందుండియే వచ్చినది. నేడు విడిపోయిన భార్యకును బిడ్డకును న్యాయస్థానములు ఇప్పించు భరణము కూడ అందుండియే వచ్చినది. ఈ దేశమునకు పేరిచ్చిన చక్రవర్తి పేరు, వ్యాసుని నిర్వచనమును బట్టి చూచినచో, తండ్రిపై వెలువడిన భరణపు తీర్పు. ఆ తీర్పు ఏ కాగితములోను లేదు, బిడ్డ పేరులో నున్నది. ఎవరు ఆ బిడ్డను పిలిచినను రాజునకు తన బాధ్యత వినబడుచుండును.

కాళిదాసు ఈ నిర్వచనమును మార్చెను. సప్తమాంకమున మారీచమహర్షి, ఈ బాలుడు ఇచ్చట ప్రాణుల నణచుటచే సర్వదమనుడైనాడనియు, ముందు లోకమును భరించుటచే భరతుడను పేరు పొందుననియు చెప్పును. భరింపబడవలసిన బిడ్డ భరించువాడైనాడు. కర్మార్థము కర్త్రర్థమాయెను. పండితులకు ఇది వ్యాకరణవిశేషముగా తోచవచ్చును గాని, దీనివలన తండ్రి తలపైనున్న ఋణము లేచిపోయినది. శాపముచే మరపు కలిగినదని రాజు నొకమారు రక్షించిన కవి, పేరునకు క్రొత్త యర్థము చెప్పి రెండవమారు రక్షించెను. నాటకమునకు ఇది శోభ తెచ్చిన మాట నిజమే. నాకు మాత్రము భారతములోని కరకుమాటయే ఎక్కువ నచ్చును. 15వ శతాబ్దమున పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగారశాకుంతలమున ఈ రెండు కథలను కలిపి నడిపెను. ఆ కూర్పు మంచిచెడ్డలు వేరుగా విచారింపవలసినవి.

అయినను పేరు విషయమున కాళిదాసు చూపిన సూక్ష్మదృష్టి సామాన్యమైనది కాదు. అదే సప్తమాంకమున రాజు, సింహపుపిల్లతో పెనగులాడుచున్న బాలుని చూచి, వీని తండ్రి యెవరని తాపసిని అడుగును. ధర్మపత్నిని విడిచిపెట్టినవాని పేరు పలుకవలెనని ఎవరికి తోచునని ఆమె బదులు చెప్పును. ఎడబాసిన భర్త పేరు నోట పలుకుటయే రోతగా నున్నదను భావమును మన సాహిత్యమున ఇంత సూటిగా చెప్పిన చోటు మరియొకటి నాకు తోచదు. అడిగినవాడే ఆ పేరు గలవాడు. అది తనకే తగిలినదని అతడు లోన ఎరుగును. ఇంతలో మట్టి నెమలిని చూపుచు తాపసి శకుంతలావణ్యము చూడుమన్నది. పక్షి సొగసును చూడుమని ఆమె యనగా, బాలుడు అందు తల్లి పేరు విని, అమ్మ ఏదీ యని వెదకజొచ్చును. పలుకరాని తండ్రి పేరు, వినబడిన చోటనెల్ల తల్లి పేరు: ఈ రెంటి నడుమ నిలిచిన పిల్లవానిని ఇంత కొద్ది మాటలలో చూపుట మహాకవికే చెల్లును.

శకుంతల పేరును గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. ఆమెయు ఎడబాసిన తల్లిదండ్రుల బిడ్డయే. విశ్వామిత్రుడు ఒకదారిని, మేనక ఒకదారిని పోగా, మాలినీతీరమున శకుంతములు కాపాడుచున్న శిశువును కణ్వుడు చూచి, ఆ పక్షులను బట్టి పేరు పెట్టెను. ఉత్తరకాండమున కుశలవుల పేర్లును ఇట్టివే. సీత ప్రసవించిన రాత్రి వాల్మీకి రక్షకై దర్భపిడికిలిని ఇచ్చి, దాని పైభాగమగు కుశముతో పెద్దవానిని, క్రిందిభాగమగు లవముతో చిన్నవానిని తుడువుమని వృద్ధస్త్రీలకు చెప్పగా, ఆ గడ్డియే వారికి పేరైనది. రఘువంశపు పేరు ఒక్కటియు అందు చేరలేదు. పక్షులు, గడ్డిపోచలు, కట్టివేయబడిన సింహములు: తండ్రి లేని చోట బిడ్డకు పేరిచ్చినవి ఇవి. ఈ పేర్లకు పశ్చాత్తాపము కలుగు అవకాశమే లేదు, ఏలయన ఏ పక్షమును వానిలో తన ఆశను పెట్టలేదు.

దీనికి ఎదురుగా గాంగేయుని చూడవలెను. గంగ శంతనుని విడిచి పోవుచు బిడ్డను కొనిపోయి, పెంచి, పిదప తండ్రిచేతికి అప్పగించి తాను వెడలిపోయినది. దేవవ్రతుడు, భీష్ముడు, శాంతనవుడు అని యెన్ని పేర్లున్నను గాంగేయుడను పేరు అతనిని కడవరకు విడువలేదు. విడిచిపోయిన భార్య పేరు కొడుకునందు వినబడుచున్నదని శంతనుడు నొచ్చుకొన్నట్లు భారతమున ఎచ్చటను లేదు. ఇతిహాసములు పేరును తుడిచివేయవు. పేరుపై పేరు చేర్చును. భరతుడైన పిదపను సర్వదమనుడు సర్వదమనుడే.

ఇతిహాసపురుషులకు పది పేర్లుండవచ్చును గాని పాఠశాల పట్టికలో ఉండు గడి యొక్కటియే గదా యని పాఠకు లడుగవచ్చును. ఈ యాక్షేపము సరియైనదే. అయితే మన యిండ్లలో ఆ రెండవ పేరు ఇటీవలి వరకు ఉండెడిది. తొలి మగబిడ్డకు తండ్రితండ్రి పేరు పెట్టుట, కోడలు మామగారి పేరు పలుకకుండుట, ఈ రెండాచారములును ఒకే యింట నడచెను. కాబట్టి తల్లి తన బిడ్డను బారసాలనాడు బియ్యములో వ్రాసిన పేరుతో పిలిచెడిది కాదు. నాయన, చిన్నవాడు, బుజ్జి యని ఏదో యొకటి పిలిచెడిది. వ్రాసిన పేరు తండ్రి వంశమునకు, పిలిచిన పేరు తల్లి నోటికి. ఆ మరుగు ఇప్పుడు తొలగినది. పట్టికలోని పేరే పిలుపునకును వచ్చినప్పుడు, మనసు విరిగిన తల్లికి తలదాచుకొన వేరొక పేరు లేదు.

రాష్ట్రేతరాంధ్రులకు ఈ చిక్కు మరికొంత ఎక్కువ. తమిళనాట స్థిరపడిన మనవారిలో పెక్కురి యింటిపేరు శుభలేఖలకు పరిమితమై, పేరునకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరము నిలిచినది. తండ్రి వెడలిపోయినను ఆ యక్షరము వెడలదు. షోలాపురమున, ముంబయిలో నున్న మనవారు మరాఠీ పద్ధతిని అనుసరించి బిడ్డ పేరునకును ఇంటిపేరునకును నడుమ తండ్రి పేరును పూర్తిగా వ్రాయుదురు. వివాహముతో భార్య పేరునకును భర్త పేరు తోడగును. అచ్చట భార్యాభర్తలు విడిపోయిన, తల్లి తన పేరునుండి అతని పేరు తీసివేసికొనగలదు, బిడ్డ పేరునుండి తీయలేదు. మహారాష్ట్ర ప్రభుత్వము 2024 మే 1వ తేదీ మొదలు పుట్టినవారి పేరు వెంట తల్లి పేరును, దాని తరువాత తండ్రి పేరును, ఇంటిపేరును వ్రాయవలెనని నిర్ణయించినది. గాంగేయుడు, శాంతనవుడు ఒకే గడిలో చేరినట్లయినది.

మన చట్టము కొంత వెసులుబాటు ఇచ్చినది. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ననుసరించి బిడ్డ జననమును పేరు లేకుండగనే నమోదు చేయించి, పేరు తరువాత చేర్పింపవచ్చును. 12 నెలలలోపున రుసుము లేదు, పిదప 15 సంవత్సరముల వరకు ఆలస్యరుసుముతో వీలుండును. కాని తల్లిదండ్రులు పట్టుదలకు పోయిన ఈ వెసులుబాటే వ్యాజ్యమగును. 2023లో కేరళ ఉన్నత న్యాయస్థానమునకు అట్టి వ్యాజ్య మొకటి వచ్చినది. విడిగానున్న తల్లిదండ్రులు పేరు కుదుర్చుకొనలేక పోగా, పేరు లేని జననపత్రమును పాఠశాలవారు అంగీకరింపరైరి. చివరకు న్యాయస్థానమే తల్లి కోరిన పేరును ముందుంచి, తండ్రి పేరును వెనుక చేర్చి బిడ్డకు నామకరణము చేసెను. కణ్వుడు, వాల్మీకి చేసిన పని న్యాయమూర్తి చేయవలసివచ్చినది.

మన భాషవారి వ్యాజ్యమే మరియొకటి 2022 జూలైలో సుప్రీంకోర్టున తీర్పునకు వచ్చినది. అచ్చట ఎడబాటు మరణమువలన కలిగినది. భర్త పోయిన పిదప మరల వివాహమాడిన తల్లి బిడ్డ యింటిపేరు మార్చగా, చనిపోయినవాని తల్లిదండ్రులు అభ్యంతరము చెప్పిరి. ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము పూర్వపు ఇంటిపేరును పునరుద్ధరింపుమనియు, రెండవ భర్తను సవతితండ్రిగా పత్రములలో చూపుమనియు ఆదేశించెను. సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి, బిడ్డ యింటిపేరును నిర్ణయించు హక్కు తల్లికి కలదనియు, సవతితండ్రి యని వ్రాయించుట బిడ్డ మనసునకు క్రూరమైన పని యనియు చెప్పెను. ఇది మంచి తీర్పు. వేదకాలపు జబాల తన కుమారునకు గోత్రము చెప్పలేక, తన పేరునే చేర్చి సత్యకామ జాబాలుడని చెప్పుకొనుమన్న కథ ఛాందోగ్యమున ఉండగా, దీనిని విదేశీయమైన భావమని త్రోసివేయుటకు వీలులేదు.

హక్కు తేలినను, బిడ్డ పేరు మార్చవలెనా యను ప్రశ్న మిగిలియే యుండును. పొత్తిళ్లలోని శిశువు మాట వేరు. ఆరేండ్ల పిల్లవాడు తన పేరుతో స్నేహితులను సంపాదించుకొని, పలకపై ఆ పేరు దిద్దుకొని యుండును. తల్లికి అది మామగారి పేరు. పిల్లవానికి అది తానే. ఇట్టిచోట పాత పేరును చెరిపివేయుటకన్న, దాని ప్రక్కన తల్లి పిలుచుకొనదగిన పేరొకటి చేర్చుట మన ఇతిహాసపద్ధతికి దగ్గరగా నుండునని నేను తలంతును. పేరు పెట్టినవాడు బిడ్డను కొట్టినవాడో, వేధించినవాడో యైనచో ఈ మాట వర్తింపదు. అప్పుడు తుడిచివేయుటయే న్యాయము.

శాకుంతల సప్తమాంకమున ఇంకొక చిన్నమాట కలదు. రాజు బాలుని పుత్రకా యని పిలువగా, వాడు తిరుగబడి, తన తండ్రి దుష్యంతుడు గాని నీవు కావని చెప్పును. తాపసి పలుకనొల్లని పేరు ఈ పసివానికి ఎవరు నేర్పిరి? కవి చెప్పలేదు. ఆ పేరును ద్వేషించుటకు అందరికన్న ఎక్కువ కారణమున్న తల్లియే నేర్పియుండునని నా ఊహ. వీరేశలింగముగారి తెలుగుసేతను గాని, వేదమువారి తెలుగుసేతను గాని మరల చదువువారు ఈ చోట కొంచెము నిలిచి చూడవలెనని కోరుచున్నాను.