కదలని ప్రతి పిట్టా మచ్చికైన పిట్ట కాదు

నందవరం మండలంలో తుంగభద్ర ఒడ్డు వదిలి కొంచెం లోపలికి వస్తే నల్లరేగడి చేలు మొదలవుతాయి. పత్తి, కంది, శనగ, జొన్న. గట్ల వెంట కంపచెట్లు. పూరేళ్ళకూ కౌజులకూ నచ్చే నేల ఇది. అయినా చేలో తిరిగే మనిషి కంట అవి పడేది తక్కువ. అలికిడి వినగానే పూరేడు పరుగెత్తదు, ఎగరదు. ఉన్నచోటనే నేలకు అతుక్కుపోతుంది. వీపు మీది గీతలు ఎండుగడ్డిలో కలిసిపోతాయి. కాలు దాదాపు మీద పడబోయే క్షణంలో మాత్రం బుర్రుమని నిటారుగా లేస్తుంది. రాళ్ళగుట్టల పొదల్లో గుంపుగా ఉండే చిన్నరకం పూరేళ్ళయితే అన్నీ ఒక్కసారే నలుదిక్కులకూ చిమ్ముకుపోతాయి. ముందు కదలకుండా ఉండటం, ఇక తప్పదన్నప్పుడు దిగ్గున పైకి లేవడం: ఈ జాతి ప్రాణం కాపాడుకునే తీరు ఇదే. ఇంట్లో పూరేడును పెంచేవాళ్ళు చాలామంది రెండోదాన్ని చూసి భయమని గుర్తుపడతారు, మొదటిదాన్ని చూసి మచ్చికైందనుకుంటారు. అరచేతిలో బొమ్మలా కూర్చున్న పూరేడు మనిషిని నమ్మి కూర్చుందని చెప్పలేం. చాలాసార్లు దాని భయం హద్దు దాటిన స్థితి అది. నమ్మకానికి గుర్తులు వేరే ఉన్నాయి. వాటిని ప్రయోగశాలల కంటే చాలా ముందే కౌజులు పెంచిన పల్లెజనం కనిపెట్టారన్నది నా వాదన.

ముందు మనం మాట్లాడుతున్న పిట్ట ఏదో తేల్చుకోవాలి. మన ఊళ్ళలో కౌజు పిట్టలనీ కంజు పిట్టలనీ అమ్మేవి చేలలో తిరిగే పిట్టలు కావు, జపాన్ పూరేళ్ళు. 1974లో బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్‌లో ఉన్న పరిశోధన కేంద్రం ద్వారా ఇవి మన దేశంలో అడుగుపెట్టాయి. గుడ్డు 17, 18 రోజుల్లో పిల్ల అవుతుంది. పిల్ల ఆరేడు వారాల్లో గుడ్డు పెట్టే పిట్ట అవుతుంది. తరతరాలుగా మనిషి చేతుల్లో పెరిగి ఈ పిట్ట పొదగడం కూడా దాదాపు మరిచిపోయింది. అయినా నేలకు అతుక్కుపోవడం, నిటారుగా ఎగరడం మరవలేదు. ఫారంలో కొనుక్కొచ్చి పంజరంలో వదిలిన మొదటి రాత్రే తల పైకప్పుకు కొట్టుకుని నెత్తి చర్మం చీలే పిట్టలెన్నో. గుడ్లు ఎక్కువ పెట్టాలని, త్వరగా బరువు పెరగాలని ఏరుతూ వచ్చిన మాట నిజమే గానీ, భయం పోవాలని దీన్ని ఎవరూ అంతగా ఏరలేదు.

పూరేడును చేతికి అలవాటు చేయడం మన దేశంలో పాత విద్యే. వాత్స్యాయనుడు చెప్పిన అరవైనాలుగు కళల్లో పొట్టేళ్ళ, కోళ్ళ పందేలతో పాటు పూరేళ్ళ పందెం కూడా ఉంది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో రాజుల వినోదాల వరుసలో పూరేళ్ళ పోరు ఒకటి. లక్నో నవాబుల కాలానికి అది పెద్ద వ్యసనమైంది. పట్టిన పిట్టను మచ్చిక చేసే పద్ధతిని అబ్దుల్ హలీం షరర్ ఆ నగరం గురించి రాసిన పుస్తకంలో వర్ణించాడు. పిట్టను నీళ్ళతో తడిపి గంటల తరబడి పిడికిట్లో పట్టుకుంటారు. ఆకలితో మాడుస్తారు. రాత్రిళ్ళు చెవి దగ్గర నోరుపెట్టి కూత వేస్తారు. కొన్నాళ్ళకు పిట్ట గింజుకోవడం మానేస్తుంది. నేటికీ పూరేడును మచ్చిక చేయడమెలా అని అడిగితే, రోజూ కాసేపు చేత్తో గట్టిగా పట్టుకోండి, అదే అలవాటవుతుంది అని చెప్పేవాళ్ళు ఈ పద్ధతినే కాస్త మెత్తబరచి చెబుతున్నారు.

ఈ పద్ధతి పనిచేస్తుందనే వాళ్ళ దగ్గర ఆధారం లేకపోలేదు. ఆ పిట్టలు వందలమంది మధ్య బెదరకుండా పోట్లాడేవి. అయితే గింజుకోవడం మానేయడం అంటే ఏమిటో ఫ్రాన్స్‌లో జరిగిన పరిశోధన ఒకటి విప్పి చూపింది. అక్కడి నూజియీ పరిశోధన కేంద్రంలో మిల్స్, ఫోర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జపాన్ పూరేడు పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టి, కొన్ని సెకన్లు అదిమిపట్టి వదిలేవారు. చెయ్యి తీసేసినా పిల్ల చచ్చినట్టు అలాగే పడి ఉంటుంది. కొన్ని పిల్లలు కొద్దిసేపట్లో లేచేవి, కొన్ని చాలాసేపు లేచేవి కావు. త్వరగా లేచేవాటిని ఒక వంశంగా, ఆలస్యంగా లేచేవాటిని మరో వంశంగా పెంచుతూ పోయి, 1991లో ఆ ఫలితాలు ప్రచురించారు. తరాలు గడిచేకొద్దీ రెండు వంశాలూ బాగా వేరుపడ్డాయి. ఎక్కువసేపు కదలకుండా పడి ఉండే వంశమే ఎక్కువ పిరికిది. డేగ కాళ్ళ మధ్య చిక్కిన పిట్టకు చివరి ఆశ ఇదే: చచ్చినట్టుంటే పట్టు సడలవచ్చు. మన పిడికిట్లో అది చేసేదీ అదే. కాబట్టి పట్టుకుని ఊరుకోబెట్టిన ప్రతిసారీ, మనిషి చెయ్యి డేగ కాలు లాంటిదేనన్న పాఠాన్ని దానికి మళ్ళీ మళ్ళీ చెబుతున్నట్టే లెక్క. ఇక ఆకలి సంగతి. 150 గ్రాములకు అటూఇటూ తూగే పిట్టను పస్తు పెట్టడం మచ్చిక చేయడం కాదు, ప్రాణం తోడేయడం.

దీనికి ఎదురుగా మరో సంప్రదాయం ఉంది. అది దక్కను పల్లెల్లో దీమం పెట్టే వాళ్ళది. బోనులో ఒక కౌజును పెంచి, వేకువనే పొలం గట్టున పెడతారు. అది కూస్తుంది. దాని కూత విని, తన హద్దులోకి ఎవరో వచ్చారని అడవి కౌజు పోట్లాటకు వస్తుంది, చుట్టూ పరిచిన ఉచ్చుల్లో పడుతుంది. ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు తరాలుగా పిట్టలు పట్టి బతికిన సంచార జాతులవాళ్ళు. తమిళంలో కురువిక్కారులని, తెలుగులో నక్కలవాళ్ళని ఇతరులు పిలిచే వాగిరీల గురించి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో తన కులాల సంపుటాల్లో రాశాడు. ఊరివాళ్ళు వాళ్ళను తక్కువగా చూసినా, పక్షి మనసును వాళ్ళంత దగ్గరగా చూసినవాళ్ళు లేరు. చూడవలసినంత అవసరం వాళ్ళకుంది: బోనులో ముడుచుకుని కదలకుండా కూర్చునే కౌజు దీమానికి పనికిరాదు. కూయాలి. పక్కన మనిషి ఉన్నా, బోను ఊగుతూ మోసుకొచ్చినా, దించగానే గొంతు విప్పాలి. భయపడిన పిట్ట చేసే మొదటి పని నోరు మూసుకోవడం. అందుకే వాళ్ళ కొలత కదలకపోవడం కాదు, కూత. పట్టి కూయించడం ఎవరి తరమూ కాదు కాబట్టి, కూసేదాకా ఓపిక పట్టడమే వాళ్ళ విద్య అయింది.

ఆ ఓపిక ఎంతదూరం పోతుందో తెలియాలంటే ఉత్తరాదిలో కౌజు పెంచేవాళ్ళను చూడాలి. పెంచిన కౌజు యజమాని వెనకాలే చిన్న చిన్న అడుగులతో బజారులో నడిచి రావడం గురించి జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్ 1891లో మన దేశపు జంతువుల మీద రాసిన పుస్తకంలో ముచ్చటగా చెప్పాడు. చేలో మనిషి నీడ పడితే మాయమయ్యే పిట్ట, తాడు లేకుండా మనిషి వెంట నడుస్తోంది. జపాన్‌లోనూ ఇలాంటి మార్గమే. ఈనాడు మనం గుడ్లకూ మాంసానికీ పెంచే పూరేడునే అక్కడ ఒకప్పుడు దాని గొంతు కోసం పెంచారు. ఎడో కాలంలో పూరేళ్ళ కూతల పోటీలు జరిగేవి. ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు చోట్ల పిట్ట పెంపకం విలువను దాని కూతతో తూచారు. ఇది నాకు చాలా పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరమే రావచ్చు. కూత ప్రేమతో వచ్చేది కాదు కదా? మగపిట్ట హద్దు కోసం కూస్తుంది, పగటి వెలుగు పెరిగే రోజుల్లో ఎక్కువ కూస్తుంది, జోడు నుంచి విడదీస్తే మరీ ఎక్కువ కూస్తుంది. ఒంటరితనంతో అరుస్తున్న పిట్టను చూసి నన్ను నమ్మిందని మురిసిపోవడం పొరపాటు కాదా? ముమ్మాటికీ పొరపాటే. అందుకే ఎంత కూస్తోందని చూడకూడదు. మనం దగ్గరికి వెళ్ళినప్పుడు కూత ఆగుతుందా, ఆగితే ఎంతసేపటికి మళ్ళీ మొదలవుతుంది అని చూడాలి. ఆడపిట్ట కూయదు కాబట్టి దాని విషయంలో మేతను, దుమ్ములో పొర్లడాన్ని గమనించాలి. మొదటి వారంలో మనిషి వచ్చి కూర్చుంటే అరగంటైనా గింజ ముట్టదు. తర్వాత అది పది నిమిషాలవుతుంది, రెండు నిమిషాలవుతుంది. చివరికి మనం వచ్చినా తల ఎత్తి చూసి మళ్ళీ గింజ ఏరుకుంటుంది. పక్కకు ఒరిగి, కాళ్ళు చాపి, రెక్క విప్పి దుమ్ము పోసుకునే పిట్ట ఆ క్షణంలో ఎగరలేదు. మనిషి ఎదుట అలా పొర్లిందంటే, ఇప్పుడు ఎగరాల్సిన పని లేదని అది తేల్చుకుందన్నమాట. చేతిలోకి వచ్చి కూర్చోవడం కంటే ఇది నమ్మదగిన గుర్తు.

ఈ కొలత ఒప్పుకుంటే చేయవలసిన పనులు వాటంతటవే తేలతాయి. పంజరం ఎత్తు జానెడుకు కాస్త ఎక్కువైనా ఉండాలి, లేదా మనిషి నిలబడేంతైనా ఉండాలి. మధ్యస్థంగా ఉంటే పిట్ట వేగం పుంజుకుని తల బద్దలు కొట్టుకుంటుంది. పైకప్పుకు ఇనుప జాలీ కాకుండా మెత్తని వల గానీ గుడ్డ గానీ కట్టాలి. ఒక మూల జొన్నచొప్పో, వరిగడ్డో గుబురుగా పెట్టాలి. దాక్కునే చోటు ఇస్తే మచ్చిక ఆలస్యమవుతుందని కొందరి భయం. నిజానికి దాక్కునే చోటు దగ్గర్లో ఉందని తెలిసిన పిట్టే ధైర్యంగా బయటికొస్తుంది. చెయ్యి ఎప్పుడూ పైనుంచి రాకూడదు. చలికాలంలో రోళ్ళపాడు గడ్డిభూముల మీద పిల్లిగద్దలు నేలకు తక్కువ ఎత్తులో తేలుతూ వేటాడతాయి. పూరేడుకు చావు వచ్చేది పైనుంచే. కాబట్టి పంజరానికి పక్కతలుపు ఉండాలి, మనిషి నేల మీద కూర్చోవాలి, అరచెయ్యి వెల్లకిలా నేలకు ఆనించి ఉంచాలి. అందులో కొర్రలో సజ్జలో, అన్నిటికంటే మేలు చెదపురుగులో పెట్టాలి. చెదల కోసం కౌజులూ పూరేళ్ళూ ఎంత భయాన్నైనా దాటి వస్తాయి. వచ్చిన పిట్ట మీద వేళ్ళు ముడవకూడదు. తిని వెళ్ళిపోయే స్వేచ్ఛ ఉంటేనే మళ్ళీ వస్తుంది. దుమ్ము స్నానానికి రేగడి మట్టి పనికిరాదు, తడి తగిలితే ఈకలకు అంటుకుంటుంది. ఏటి ఇసుకలో కాస్త కట్టెల బూడిద కలిపితే చాలు. ఇదంతా పొద్దున, సాయంత్రం చేయాలి. మన వైపు ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం పిట్ట నోరు తెరిచి రొప్పుతుంటే అది వేడికో భయానికో తెలియదు, ఏదైనా ఆ పూట దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఒంటరిగా పెంచితే త్వరగా మచ్చికవుతుందన్న మాట కూడా వినిపిస్తుంది. తోడు లేని పిట్ట గత్యంతరం లేక మనిషి వైపు చూస్తుందే తప్ప దాన్ని నమ్మకమనలేం. పైగా తోడు మచ్చికకు అడ్డం కాదు, దారి. ఎడింబరో దగ్గరి రోజ్లిన్ సంస్థలో బ్రయాన్ జోన్స్ కోడిపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, చేతితో నిమిరిన పిల్లలకే కాదు, పక్కపిల్లలను నిమురుతుంటే చూసిన పిల్లలకు కూడా మనిషి భయం తగ్గింది. ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయంలో పూరేళ్ళ మీదనే జరిగిన పని ఇంకా విలువైనది. మనిషికి అలవాటైన తల్లి దగ్గర పెరిగిన పిల్లలు, అలవాటు కాని తల్లి దగ్గర పెరిగిన పిల్లల కంటే మనిషిని చూసి తక్కువ బెదిరాయి. కాబట్టి నాలుగైదు పిట్టలున్న చోట, అన్నిటికంటే ధైర్యమున్న ఒక్కదాని మీద శ్రద్ధ పెడితే మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉంటే పోట్లాటలూ తగ్గుతాయి. పిల్లల దశలో మొదలుపెడితే పని సగం అయినట్టే. మొదటి వారం 35 డిగ్రీల పైన వెచ్చదనం, మంచి మాంసకృత్తులున్న దాణా, వాటి మధ్య రోజూ కాసేపు కదలకుండా ఉండే ఒక చెయ్యి ఉంటే చాలు.

చివరిగా ఎదురయ్యే ప్రశ్న న్యాయానిది. దీమం విద్య మోసానిది, చంపడానిది, దాన్ని మెచ్చుకోవడమేమిటి? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇవాళ చేలలోని కౌజునూ పూరేడునూ పట్టడం నేరం, ఆ చట్టం అవసరం కూడా. ఉచ్చులు మళ్ళీ రావాలని నేను అనడం లేదు. కానీ ఉచ్చు వేరు, ఆ ఉచ్చు పక్కన కూర్చుని పిట్ట ఎప్పుడు కూస్తుంది, ఎప్పుడు మూగబోతుంది అని నేర్చుకున్న గమనిక వేరు. ఉచ్చుతో పాటు ఆ గమనికను కూడా పారేస్తే నష్టపోయేది ఇవాళ ఇళ్ళలోనూ ఫారాల్లోనూ ఉన్న జపాన్ పూరేళ్ళు. రెండేళ్ళకు మించి బతకడం అరుదైన పిట్టకు, అందులోనూ కూరకు పోయే పిట్టకు, ఇంత శ్రమ ఎందుకనేవాళ్ళకు నా జవాబు ఒకటే: ఆయుష్షు తక్కువైనప్పుడు భయంలో గడిచే ప్రతి నెలా దాని బతుకులో పెద్ద భాగం. ఫారం పెట్టినవాళ్ళకూ లాభమే. బెదిరి ఒకదానిమీద ఒకటి పడి చచ్చే పిట్టలు, తలలు పగిలే పిట్టలు తగ్గుతాయి.

మచ్చిక చేసినవాళ్ళ మీద ఒక బాధ్యత మాత్రం మిగులుతుంది. భయం పోయిన పూరేడును జాలిపడి చేలో వదలకూడదు. అది అక్కడి పూరేళ్ళతో జతకట్టి జాతిని కలుషితం చేసే ప్రమాదం ఉంది. ఐరోపాలో వదిలిన జపాన్ పూరేళ్ళ వల్ల అదే జరిగింది. అంతకుముందే పిల్లో, ముంగిసో, గద్దో దాన్ని తినేస్తుంది. ఎందుకంటే నేలకు అతుక్కోవాల్సిన సమయంలో అతుక్కోవడం అది మానేసింది. పెరట్లో తిరగనిచ్చినా పైన వల ఉండాలి, పొద్దుగూకేసరికి లోపలికి చేర్చాలి. మనం మాన్పించిన జాగ్రత్తను దాని తరఫున మనమే తీసుకోవాలి.