తోకచుక్క - గ్రహశకలము : నామకరణ విమర్శ

సౌరకుటుంబమున సూర్యుడు, గ్రహములు, ఉపగ్రహములు గాక అసంఖ్యాకములైన చిన్న వస్తువులు కలవు. వీనిలో మూడు తెగలకు తెలుగున స్థిరపడిన పేర్లున్నవి: తోకచుక్క, ఉల్క, గ్రహశకలము. మొదటిది జనుల నోట పుట్టిన మాట. రెండవది తత్సమము. మూడవది ఆధునిక శాస్త్రబోధనకై కూర్చిన సంస్కృత సమాసము. మొదటి రెండును కావ్యములందును కథలందును విరివిగ మెలగినవి. మూడవది పాఠ్యపుస్తకమును దాటి సాహిత్యమున ప్రవేశించుట అరుదు. ఈ భేదమునకు కారణమేమి? గ్రహశకలము సామాన్యముగ కంటికి కానరాకపోవుటయే కారణమని తోచవచ్చును. అది కొంతవరకు నిజమే. కాని పేరు పెట్టిన తీరులోను ఒక కారణమున్నదని నా అభిప్రాయము. చూచి పెట్టిన పేరు ఒక రీతిని, ఊహించి పెట్టిన పేరు మరియొక రీతిని బ్రదుకును. దీనిని నిరూపించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

వాడుకకు ఉదాహరణముగ తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమనున్న కృష్ణా పశ్చిమ డెల్టాను గ్రహించితిని. 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణమున తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచి, తక్కిన రెండును బాపట్ల జిల్లాలో చేరినను, పలుకుబడిలో ఈ సీమ యంతయు నొక్కటియే. గడియారములు లేని దినములలో రాత్రివేళ పొలమునకు నీరు పెట్టు రైతునకు ఆకాశమే గడియారము. పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్క అను పేర్లు అట్టివారు చూచి పెట్టినవి. తల్లికోడి చుట్టు పిల్లలు మూగినట్లు కనబడుటచే కృత్తికలు పిల్లలకోడి యైనవి. వేగుచుక్క నిజమునకు నక్షత్రము కాదు, శుక్రగ్రహము. తోకచుక్కయు చుక్క కాదు. రాలిన చుక్కయు చుక్క కాదు. అయినను ఈ పేర్లను అబద్ధములనరాదు. అవి వస్తువు ఏమిటో చెప్పుటకు పూనుకొనవు. ఎట్లు కనబడునో మాత్రమే చెప్పును. కావున శాస్త్రసిద్ధాంతము మారినను వానికి హాని లేదు.

తోకచుక్కకు సంస్కృతమున ధూమకేతువని పేరు. పొగయే పతాకగ గలది యని దాని యర్థము. ఇదియు చూచి పెట్టిన పేరే. కాని వరాహమిహిరుని బృహత్సంహితలో కేతుచారమునకు ప్రత్యేకాధ్యాయ మేర్పడి, ఏ కేతువు ఏ యరిష్టమును సూచించునో వివరింపబడిన నాటినుండి ఆ పదమునకు భయము తోడైనది. తెలుగులో ఒకనిని ధూమకేతువనిన నింద. తోకచుక్క యనిన నింద కాదు. ఒకే వస్తువునకు గల ఈ రెండు పేర్లలో ఒకటి ఫలమును ముందుగనే నిర్ణయించి చెప్పును. రెండవది నిర్ణయింపక విడిచిపెట్టును.

ఈ విడిచిపెట్టుటవలన కలిగిన మేలు గురజాడ అప్పారావు ముత్యాలసరములలో స్పష్టము. 1910లో హేలీ తోకచుక్క కనబడినది. మే నెలలో భూమి దాని తోకగుండ పోవునను వార్త లోకమంతట కలవరము రేపినది. ఆ యేటనే, రేపల్లెకు కృష్ణానది ఆవలనున్న బందరునుండి వెలువడిన ఆంధ్రభారతిలో ఈ కవిత ప్రకటితమైనది. అందు కవి తోకచుక్కను అరిష్టముగ గాక, దారిన పోవుచు భూమిని చూడవచ్చిన దూరపు చుట్టముగ భావించెను. సంఘసంస్కరణకు పతాకగ తలచెను. కేతువు పతాకయే కదా! పాత పేరులోని పతాకను నిలిపి, భయమును తొలగించుట ఇందలి విశేషము. ఇది వట్టి యలంకారము కాదు. ఈ తోకచుక్క సుమారు 76 సంవత్సరముల కొకపరి సూర్యుని సమీపించును, 1986లో మరల వచ్చినది, 2061లో రావలసియున్నది. మరల మరల వచ్చిపోవు దానిని చుట్టమనుటలో ఖగోళసత్యమే యున్నది.

నలువది నాలుగేండ్ల పిమ్మట, 1954లో, దాసరి సుబ్రహ్మణ్యము రచించిన తోకచుక్క ధారావాహిక చందమామలో రచయిత పేరు లేకయే వెలువడజొచ్చినది. చందమామ స్థాపకులలో చక్రపాణి తెనాలివాడు. దాని సంపాదకవర్గమున 1952 మొదలు 1980లో మరణించువరకు పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలో జన్మించినవాడు. భౌతికశాస్త్రము చదివి, శాస్త్రవిషయములపై తేటతెలుగున వ్యాసములు వ్రాసినవాడు. అట్టివాని పర్యవేక్షణమున వెలువడిన పత్రికలో తోకచుక్క మరల ఉత్పాతసూచకముగ రావచ్చునా యని ఆక్షేపింపవచ్చును. ఈ యాక్షేపణ నిలువదు. అద్భుతకథలో ఉత్పాతము కథాబీజము, శాస్త్రవాక్యము కాదు. మాంత్రికులు సంచరించు లోకమున తోకచుక్కయు ఆ లోకధర్మమునే పాటించును. గమనింపవలసినది వేరొకటి. గురజాడకు చుట్టమైన మాటయే దాసరి సుబ్రహ్మణ్యమునకు శకునమైనది. రెండు చోట్లను మాట తొట్రుపడలేదు. దృశ్యమును మాత్రమే చెప్పు పేరు కవికిని, కథకునకును, శాస్త్రజ్ఞునకును సమముగ నుపకరించును. 2014లో రోసెట్టా నౌకనుండి ఫిలే యను పరికరము ఒక తోకచుక్కపై దిగినది. అది మంచు, ధూళి, కర్బనద్రవ్యములు కలసిన గడ్డ యని తెలిసిన తరువాతను తోకచుక్క తోకచుక్కయే.

ఉల్క విషయము కొంత భిన్నము. ఈ పదమునకు కొఱవి యని యర్థమున్నది. ఆకాశమున మండుచు పడుదానికి ఇది తగిన పేరే. కాని నేడు మనము అంతరిక్షమున చల్లగ తిరుగు రాతిని, వాయుమండలమున వెలుగు రేఖను, నేలపై పడిన రాతిని గూడ ఉల్క యనియే వ్యవహరించుచున్నాము. 1852లో నెల్లూరు సీమయందలి యాటూరున పడినది రాయి. 1870లో విజయనగర ప్రాంతమందలి నెడగొల్లున పడినది ఇనుము. చేతికి దొరికిన వీనిని ఉల్కాశిల, ఉల్కాలోహము అని వేరుపరచుట యుక్తము. ఇచ్చట లోపము పేరులో లేదు. ఒక దృశ్యము పేరును మూడవస్థలకు చాచుటలో నున్నది.

ఇక గ్రహశకలము. 1801 జనవరి 1న పలెర్మో నగరమున పియాజీ సిరీస్‌ను కనుగొనెను. మరుసటి యేట ఓల్బర్స్ పాలస్‌ను కనుగొని, ఇవి పగిలిపోయిన యొక గ్రహపు ముక్కలు కావచ్చునని యూహించెను. మన సమాసము ఈ యూహనే పేరుగ మార్చినది. అదే 1802లో హెర్షెల్ వీనికి పెట్టిన ఆస్టెరాయిడ్ అను పేరునకు నక్షత్రము వంటిది యని యర్థము. దూరదర్శినిలో చుక్కవలె కనబడుటచే పెట్టిన పేరది. కావున ఊహ వీగిపోయినను అది నిలిచినది. కుజ గురుగ్రహముల నడుమనున్న ఈ వస్తువుల మొత్తము ద్రవ్యరాశి చంద్రునిలో నూటికి మూడు వంతులు మాత్రమే. అందు మూడవ వంతు సిరీస్ దే. గురుగ్రహపు ఆకర్షణచే గ్రహముగ కూడజాలక మిగిలిన ద్రవ్యమే యిది యని నేటి సిద్ధాంతము. సుమారు 940 కిలోమీటర్ల వ్యాసము గలిగి గుండ్రముగ నున్న సిరీస్ దేనికిని శకలము కాదు. 2006లో దానిని మరుగుజ్జు గ్రహముగ పరిగణించిరి.

శకలపదము పూర్తిగ నిరాధారమని చెప్పుట గూడ న్యాయము కాదు. ఢీకొని పగిలిన వాని ముక్కలు కుటుంబములుగ తిరుగుచున్నవని 1918లో హిరయామా చూపెను. 2005లో హయబుసా నౌక దర్శించిన ఇటొకావా రాళ్లకుప్ప వంటిది. అయితే అవి శకలములైనను గ్రహశకలములు కావు. దోషము రెండవ పదమునందు గాక రెండు పదముల సంబంధమునందున్నది.

రూఢి బలవత్తరము గదా, అవయవార్థముతో పనియేమి యని వైయాకరణులు ప్రశ్నింపవచ్చును. పంకజమనిన బురదను తలచువాడెవడు? అయితే పంకజము బురదలో పుట్టుట సత్యము. అవయవార్థము మరుగుపడినను, పైకి వచ్చినను హాని లేదు. గ్రహము, శకలము అను రెండును నేటి బాలుని మనస్సున సజీవములైన మాటలు. ఈ మూడూళ్లలోను వ్యాసరచన పోటీలకు పరీక్షకుడనైనపుడు, పూర్వమొక గ్రహము పగిలినదను వాక్యము బాలుర వ్రాతలలో చూచితిని. వారు ఆ పాఠమును పుస్తకమునుండి కాక పేరునుండియే నేర్చుకొనిరి. సమాసమును విప్పి యర్థము చెప్పుమని నేర్పినది మనమే. విప్పినందుకు వారిని తప్పుపట్టరాదు.

ప్రత్యామ్నాయములలో హిందీవారి క్షుద్రగ్రహము మనకు పనికిరాదు. తెలుగున క్షుద్రపదము నీచతను, మంత్రప్రయోగమును స్ఫురింపజేయును. ఉపగ్రహము వేరొక వస్తువునకు చెందినది. లఘుగ్రహము నిర్దోషము, గురుగ్రహముచే లఘువులుగ మిగిలిన వానికి ఆ పేరొప్పును గూడ. అయినను చిరుగ్రహము మేలని తోచుచున్నది. ఇది మిశ్రసమాసమని కొందరు సంకోచింపవచ్చును. సాంస్కృతికాచ్ఛికములతో పాటు మిశ్రమును గూడ చిన్నయసూరి సమాసభేదముగ గణించెను. చిరు అనునది ఉత్పత్తిని గూర్చి యేమియు చెప్పదు. కొలిచి చూచిన దానిని మాత్రమే చెప్పును. పగిలిన ముక్కను చెప్పవలసినపుడు చిరుగ్రహశకలమనవచ్చును.

ఈ వస్తువులు మనకు పరాయివి కావు. పై మూడూళ్లును మద్రాసు రాజధానిలో నుండిన కాలమున, 1861లో, మద్రాసు నక్షత్రశాలయందు పాగ్సన్ ఒక చిరుగ్రహమును కనుగొని దానికి ఏషియా అని పేరిడెను. నేడు లెక్కకు వచ్చినవి పదిలక్షలకు మించినవి. తోకచుక్కకు గురజాడ దొరకినట్లు వీనికి గూడ ఒక కవి దొరకవలెనన్న, ముందు వానిని తెలుగున సరిగ పిలువవలెను. పాఠ్యపుస్తకములను కూర్చువారు, పారిభాషికపదములను నిర్ణయించువారు ఈ మాటను మరల విచారింతురు గాక.