మేమే కాల్ చేస్తాం

ఆడిషన్ గదిలోంచి బయటికొచ్చే నటుడికి వినిపించే మాట ఎక్కడైనా ఒకటే: "ఓకే, మేమే కాల్ చేస్తాం." ఆ మాట అన్న అసిస్టెంట్ డైరెక్టర్ అప్పటికే తర్వాతి పేరు పిలుస్తుంటాడు. కృష్ణానగర్‌లో ముగ్గురు కలిసి ఉంటున్న గదికి తిరిగొచ్చి, ఫోను చార్జింగులో పెట్టాక మొదలయ్యేదే అసలు డ్యూటీ. వేషానికైతే రోజుకి ఇంత అని ఇస్తారు. ఈ డ్యూటీకి పైసా రాదు.

డ్యూటీ అనడం ఊరికే కాదు. పల్లెటూరి రౌడీ పాత్రకి గుబురు గడ్డంతో ఆడిషన్ ఇచ్చినవాడు, ఆ సంగతి తేలేదాకా గడ్డం తీయలేడు. ఈలోగా ఇంకెవరో యాడ్‌లో బ్యాంకు ఉద్యోగి వేషం ఉంది, క్లీన్ షేవ్‌తో రమ్మంటారు. గీస్తే మొదటిది పోతుందేమో, గీయకపోతే రెండోది ఖాయంగా పోతుంది. సెలూన్ ముందు నిలబడి కో-ఆర్డినేటర్‌కి మెసేజ్ పెడతాడు: "అన్నా, ఆ క్యారెక్టర్ ఏమైనా తేలిందా?" నీలం టిక్కులు పడతాయి. జవాబు రాదు. ఊరి నుంచి అమ్మ ఫోను మాత్రం తప్పదు.

"ఏరా, ఏమన్నారు?"

"చెప్తామన్నారమ్మా."

ఆ మౌనాన్ని తన నటన మీద తీర్పనుకుని కుమిలిపోయేవాళ్లే ఎక్కువ. కానీ చాలాసార్లు కారణం వేరే చోట ఉంటుంది. హీరోకి తమ్ముడిగా నిలబెడితే అన్న కంటే పొడవుగా కనిపించాడు. అక్క పాత్రకి అనుకున్న నటి మారింది కాబట్టి బావ వయసూ మారిపోయింది. హీరో డేట్లు కుదరలేదు, ఫైనాన్స్ రాలేదు, కథ తిరగరాస్తే ఆ పాత్రే ఎగిరిపోయింది. డైలాగ్ ఎంత బాగా చెప్పినా వీటిలో ఒక్కటీ ఆగేది కాదు.

ఎంపికయ్యావని చెప్పినా కథ ముగియదు. ఘట్టమనేని కృష్ణ సంగతే చూడండి. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ కొత్తవాళ్లతో తలపెట్టిన ఒక సినిమాకి ఆయన ఎంపికయ్యారు, ఆ సినిమానే ఆగిపోయింది. తర్వాత ఆదుర్తి సుబ్బారావు కొత్త నటులు కావాలని ప్రకటన ఇచ్చి 'తేనె మనసులు'కి తీసుకున్నారు. తీసినంతవరకు చూసిన పంపిణీదారులు హీరోని మార్చమని పట్టుబట్టారు. ఆదుర్తి వినలేదు. 1965లో సినిమా విడుదలయ్యేదాకా ఆ కుర్రాడి ఆడిషన్ నడుస్తూనే ఉందనుకోవాలి.

ఎన్టీఆర్‌ది ఇంకో రకం. మద్రాసులో ఆయనకి స్క్రీన్ టెస్ట్ చేసింది ఎల్.వి.ప్రసాద్. ఆ తర్వాత ఆయన గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగంలో చేరారు. ఈలోగా ఆయన ఫొటో ఇంకో దర్శకుడు బి.ఎ.సుబ్బారావు కంటపడింది. మళ్లీ ఏ టెస్టూ లేకుండా 'పల్లెటూరి పిల్ల' హీరో వేషం వచ్చింది. ఎన్టీఆర్ మూడు వారాలకే ఉద్యోగం వదిలేశారు. ప్రసాద్ తీసిన 'మనదేశం' 1949లో ముందు విడుదలైంది, అందులో ఆయనది చిన్న పోలీసు వేషం. ఒక పాత్ర కోసం తీసిన సెల్ఫ్ టేప్ ఇంకో డైరెక్టర్ ఫోనులోకి చేరడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. అలా చేరిందని నటుడికి తెలియడమే అరుదు.

ఆడిషన్‌కి పిలిచినవాళ్లకి ఫలితం చెప్పి తీరాలని బ్రిటన్ నటుల సంఘం ఈక్విటీ అడుగుతూ వస్తోంది. ఇక్కడ చెప్పకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఎంచుకున్నవాడు రెమ్యునరేషన్ దగ్గర బెట్టు చేస్తే రెండోవాడు చేతిలో ఉండాలి. కాదని చెప్పేస్తే వాడు వెళ్లి గడ్డం గీయించుకుంటాడు! నిజమే గానీ, అలా అట్టిపెట్టుకోవాల్సినవాళ్లు పాత్రకి ఇద్దరో ముగ్గురో. మిగతా అందరికీ మర్నాడే ఒక్క మెసేజ్ కొట్టొచ్చు. నంబర్లు వెతుక్కునే పని కూడా లేదు, లోపలికి పంపేముందు ఫారంలో రాయించుకుంటారు కదా.