జూబ్లీహిల్స్ మీద ఒక పేజీ

విజ్ఞాన సర్వస్వంలో జూబ్లీహిల్స్ గురించి రాసేవారికి మొదటి వాక్యమే గండం. 'హైదరాబాదులోకెల్లా ఖరీదైన ప్రాంతం' అని మొదలుపెట్టడం పరిపాటి. గజం ధర ఏటేటా మారుతుంది కాబట్టి ఆ మాటను నమ్ముకున్న వ్యాసం రెండేళ్లకే పాతబడుతుంది. మారనిది గుట్ట. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద ఈ కాలనీ లేచింది. కొన్నిచోట్ల ప్రహరీ గోడ తిన్నగా వచ్చి ఓ బండ దగ్గర ఆగిపోతుంది, ఆ బండనే గోడగా చేసుకుని అవతలి నుంచి మళ్లీ సాగుతుంది. ఆ గోడను చూపిస్తే చాలు, ఇక్కడ పునాది తీయడం ఎంత కష్టమో, రోడ్లు ఎందుకు వంకర్లు తిరిగాయో పాఠకుడికి ఒక్క విశేషణం లేకుండా తెలిసిపోతుంది.

తర్వాత చరిత్ర. పక్కనున్న బంజారాహిల్స్‌ను వదిలి ఈ కథ చెప్పడం కుదరదు. 1930ల్లో నిజాం కొలువులోని అధికారి మెహదీ నవాజ్ జంగ్ అక్కడి బండల మధ్య ఇల్లు కట్టుకున్నాకే నగరంలోని పెద్దలు ఆ దిక్కు చూశారు. ఆయనే 1960లో గుజరాత్‌కు తొలి గవర్నరయ్యాడు. చాలామంది చరిత్రను ఆయనతోనే ఎత్తుకుంటారు. అది అన్యాయం. గుట్టకు పేరిచ్చిన బంజారాలు, అంటే మన లంబాడీలు, ఆ ఇంటికంటే ముందునుంచీ ఉన్నవాళ్లు. చరిత్ర భాగం వాళ్లతోనే మొదలవ్వాలి.

జూబ్లీహిల్స్ కాలనీకి 1960ల్లో చల్లగళ్ల నరసింహం చొరవతో బీజం పడింది. ఇక్కడివాళ్లు నేటికీ 'సొసైటీ' అనేది ఆనాటి సహకార గృహనిర్మాణ సంఘాన్నే. లే అవుట్ వేసి సభ్యులకు ప్లాట్లు పంచిన సంఘం అది. ఆనాటికి ఇది ఊరికి దూరంగా ఉన్న రాళ్లగుట్ట. మద్రాసు నుంచి సినిమా పరిశ్రమ తరలిరావడం, 1970ల్లో అక్కినేని నాగేశ్వరరావు దగ్గరలోనే అన్నపూర్ణ స్టూడియో కట్టడం, 1988లో అపోలో ఆస్పత్రి రావడం, ఆ తర్వాత మాదాపూర్ వైపు ఐటీ కంపెనీలు వెలియడం, ఇవన్నీ కలిసి భూమి విలువను పెంచాయి. ఈ వరుస చెప్పకుండా 'సంపన్నుల కాలనీ' అంటే సంపద ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు దొర్లేది ఎల్లల దగ్గర. జూబ్లీహిల్స్ పేరుతో శాసనసభ నియోజకవర్గం ఉంది. పునర్విభజన తర్వాత 2009లో దానికి తొలి ఎన్నిక జరిగింది. అందులో ఓటర్లు ఎక్కువగా ఉండేది బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డల్లో. రెండు గదుల ఇళ్లు, ఇరుకు సందులు, చిన్న కొట్లు ఉన్న పేటలవి. బంగళాల కాలనీలో చాలా భాగం ఖైరతాబాద్ నియోజకవర్గం కిందికి వస్తుంది. ఎన్నికల లెక్కలు తెచ్చి కాలనీకి అంటగట్టినా, కాలనీ వైభవం తెచ్చి నియోజకవర్గానికి పూసినా వ్యాసం అబద్ధమాడినట్టే. జనాభా అంకె వేసేముందు అది ఏ ఎల్లలోని జనాన్ని లెక్కపెట్టిందో రాయడం తప్పనిసరి.

కాలనీలోనూ అందరిదీ ఒకే బతుకు కాదు. ఫిలింనగర్‌లో బంగళాల వరుసకు కూతవేటు దూరంలోనే బస్తీలున్నాయి. పొద్దున్నే టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని గుట్ట సందుల్లోంచి దిగే వంటమనిషి, కారు తుడవడానికి వెళ్లే డ్రైవరు కూడా ఈ ప్రాంత వాసులే. వాళ్లను 'పరిసరాల్లోని మురికివాడలు' అన్న పేరాలోకి నెట్టేస్తే ఆ వర్ణన సగమే అవుతుంది. పైగా వాళ్లు తమ చోటును బస్తీ అనే అంటారు. అదే మాట వాడాలి.

ఇంకోవైపు నుంచీ జాగ్రత్త పడాలి. డబ్బున్నవాళ్ల పేట కదా అని 'దర్పం', 'విలాసం' లాంటి మాటలు జల్లడం తీర్పు చెప్పడమే. ఎత్తయిన గోడ ఉంటే ఎత్తయిన గోడ అని రాస్తే చాలు. బతికున్న తారల ఇళ్ల నంబర్లు, గేట్ల ఆనవాళ్లు అసలే వద్దు. ఎవరైనా వెళ్లగలిగే చోట్లకు మాత్రం స్థలం ధారాళంగా ఇవ్వాలి. నగరం నలుమూలల నుంచీ భక్తులు వచ్చే పెద్దమ్మ గుడి అలాంటిది. చిరాన్ ప్యాలెస్‌ను కడుపులో దాచుకుని, 1998లో జాతీయ ఉద్యానవనమై, సుమారు 390 ఎకరాల్లో నెమళ్లకు నీడనిస్తున్న కాసు బ్రహ్మానందరెడ్డి పార్కూ అలాంటిదే.

చివరికి పటం. రోడ్ నంబర్ 36, రోడ్ నంబర్ 45, చెక్‌పోస్టు, మెట్రో స్టేషన్లు ఎలాగూ పడతాయి. వాటి పక్కన బస్తీల పేర్లు కూడా పడాలి, అదే సైజు అక్షరాల్లో.