"తెగులు నిరోధక రకము": ఒక మాటపై విమర్శ

వ్యవసాయ పాఠములలోను, అంట్లు అమ్మువారి కరపత్రములలోను తరచుగా కానవచ్చు మాట యొకటి కలదు: "తెగులు నిరోధక రకము". ఇది చదివిన విద్యార్థి ఆ చెట్టుకు ఇక ఏ జబ్బును రాదని తలచును. రకము పేరు చెప్పి, ఏ తెగులునకు నిరోధమో చెప్పకుండుట చిన్న లోపము కాదు. బత్తాయి కాపునకు వచ్చుటకు నాలుగైదేండ్లు పట్టును. పొరపాటు తెలియునప్పటికి తోట నిలువున ఎండిపోవచ్చును.

కౌకూరు, శామీర్‌పేట ప్రాంతపు చెల్కనేలలలో బత్తాయి పెరుగును; దీర్ఘమైన చలికాలము కోరు అక్రోటు పెరగదు. అయినను రెండింటికిని వేరుకుళ్ళు, మొదలుకుళ్ళు తెచ్చునది ఒకే ప్రజాతి, ఫైటోఫ్థొరా. 1876లో డి బారీ పెట్టిన ఈ పేరునకు గ్రీకులో 'మొక్కలను నాశనము చేయునది' అని అర్థము. దీనిని శిలీంధ్రమని వ్రాయుట ఇంకను మానలేదు. నిజమునకు దీని చుట్టరికము గోధుమవర్ణ శైవలములతో. ఇది కేవలము పేరు పట్టింపు కాదు. దీని చరబీజములకు రెండేసి కశాభములుండును. మట్టిరేణువుల నడుమనున్న నీటిలో అవి ఈదుచు వేరును చేరును. పాదిలో నీరు నిలిచిన చెట్టు మొదట బెరడు కుళ్ళి, బంక కారి, ఆకులు పసుపెక్కుట అందువలననే.

ఇక రకము సంగతి. సాత్‌గుడి బత్తాయి అని మనము పిలుచునది నిజముగా రెండు చెట్ల కలయిక. పైనున్న కొమ్మ సాత్‌గుడి. నేలలోని వేరుమూలము జంబేరియో, రంగపూర్ నిమ్మయో. కరపత్రము మొదటిదానినే పొగడును. వేరుకుళ్ళును ఎదుర్కొనవలసినది రెండవది.

వేరుమూలమును చెప్పినను చాలదని నారింజ చరిత్రయే చాటుచున్నది. 19వ శతాబ్దిలో అజోర్స్ దీవులలోను, మధ్యధరా తీరమునను మొదలుకుళ్ళు తోటలను నాశనము చేసినపుడు రైతులు పుల్లనారింజ వేరుమూలమును ఆశ్రయించిరి. అది కుళ్ళును బాగుగానే తట్టుకొనెను. 1930 తరువాత దక్షిణ అమెరికాలో పేనుబంక పురుగులు వ్యాపింపజేసిన ట్రిస్టీజా వైరసు, ఆ పుల్లనారింజపై అంటుకట్టిన చెట్లనే కోటికి పైగా చంపెను. అక్రోటుకును ఇదే గతి. లూథర్ బర్బాంక్ 'పారడాక్స్' అని పేరుపెట్టిన సంకర వేరుమూలము కాలిఫోర్నియాలో ఫైటోఫ్థొరాను మెరుగుగా ఓర్చుకొనెను. కాని పుప్పొడితో వచ్చు వైరసొకటి సోకినచో అంటు కలిసిన చోట నల్లని గీత ఏర్పడి చెట్టు చచ్చును. తన వేళ్ళపైననే నిలిచిన అక్రోటునకు ఆ నల్లగీత రాదు, కాని వేరుకుళ్ళు వచ్చును!

తెలుగునాట బత్తాయికి రంగపూర్ నిమ్మను సిఫార్సు చేయుట సకారణమే. అది ట్రిస్టీజాను, నీటి ఎద్దడిని ఓర్చుకొనును; ఫైటోఫ్థొరాకు మాత్రము అజేయము కాదు. ఈ రెండవ సగము పాఠములలో జారిపోవుచున్నది. దానితోపాటు మరియొకటియు జారిపోవుచున్నది: సాత్‌గుడి బెరడు ఈ కుళ్ళునకు సులభముగా లొంగును. కనుకనే అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున నుండవలెను. నీరు మొదలును తాకకుండ రెండు వలయములుగా పాది చేయవలెను. పాది సరిచేయుచు మట్టిని ఎగదోసి అంటును పూడ్చినచో, క్రింద ఏ వేరుమూలమున్నను తడిమట్టికి తగులునది సాత్‌గుడి బెరడే.