‘కనుగొన్నారు’కీ ‘కనుగొన్నామన్నారు’కీ తేడా లేదా?

2023 జూలై 22న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని ఒక చిన్న పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు రెండు పత్రాలను ‘ఆర్కైవ్’ అనే బహిరంగ భాండాగారంలో ఉంచారు. సీసం, రాగి, భాస్వరం, ఆక్సిజన్ కలిసిన తమ పదార్థం మామూలు వాతావరణ పీడనం వద్ద, గది వేడిమిలోనే కాదు, 127 డిగ్రీల సెల్సియస్ దాకా అతివాహకంగా ఉంటుందని వాటి సారాంశం. పదార్థం పేరు ఎల్‌కె-99. లీ, కిమ్ అనే ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలకు 1999వ సంవత్సరాన్ని చేర్చి పెట్టిన పేరది.

తర్వాతి మూడు వారాలు ప్రపంచమంతా దాని గురించే వాదించుకుంది. మన దగ్గర కూడా టీవీ చర్చల్లో, కాలేజీ స్టాఫ్ రూముల్లో, చేతిలో ఫోను ఉన్న ప్రతిచోటా అదే మాట. ఆగస్టు మధ్యకల్లా విషయం దాదాపు తేలిపోయింది. ఎల్‌కె-99 అతివాహకం కాదు. ఆ పదార్థం కథ అక్కడితో సరి. కానీ ఆ మూడు వారాల్లో మనం వాదించుకున్న తీరు మాత్రం పరిశీలించదగ్గది. ఎందుకంటే రేపు మరో వార్త వస్తుంది. అప్పుడూ ఇలాగే వాదిస్తాం.

ఎందుకంత సంబరం?

రాగితీగలో విద్యుత్తు ప్రవహిస్తే కొంత శక్తి వేడిగా మారి పోతుంది. అందుకు కారణం తీగలోని నిరోధం. 1911లో హాలెండ్‌లోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని సున్నాకు 269 డిగ్రీల దిగువకు చల్లబరిచినప్పుడు ఆ నిరోధం ఒక్కసారిగా మాయమైంది. అదే అతివాహకత. 1933లో మైస్నర్ మరో లక్షణాన్ని గుర్తించాడు. అతివాహకం తన లోపలి నుంచి అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టివేస్తుంది. ఈ రెండు లక్షణాలూ కనబడితేనే ఒక పదార్థాన్ని అతివాహకం అంటారు.

చిక్కంతా చలితోనే. ఆస్పత్రుల్లోని ఎమ్మారై యంత్రాల్లో అతివాహక తీగచుట్టలను ద్రవ హీలియంలో ముంచి ఉంచాల్సి వస్తోంది. 1987లో సున్నాకు 180 డిగ్రీల దిగువనే అతివాహకమయ్యే పింగాణీ వంటి పదార్థం దొరికింది. దానికి చవకైన ద్రవ నైట్రోజన్ సరిపోతుంది. 2015లో హైడ్రోజన్, గంధకం కలిసిన పదార్థం సున్నాకు 70 డిగ్రీల దిగువకు వచ్చింది కానీ, దాన్ని వాతావరణ పీడనానికి సుమారు 15 లక్షల రెట్ల ఒత్తిడిలో నొక్కి ఉంచాలి. చలీ అక్కర్లేదు, ఒత్తిడీ అక్కర్లేదు అని ఎవరైనా అంటే జనం ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు. ఆశపడటాన్ని తప్పు పట్టలేం. దేన్ని రుజువుగా తీసుకున్నామన్నదే ప్రశ్న.

రుజువు కానివి రుజువులైన వైనం

మొదటి ‘రుజువు’ ఒక వీడియో. అయస్కాంతం మీద నల్లటి చిన్న పెళ్ల ఒక అంచు ఆనించి, రెండో అంచు గాలిలో లేపి నిలబడింది. చూసినవారు చూసినట్టే నమ్మారు. కానీ తేలడం ఒక్కటే అతివాహకతకు గుర్తు కాదు. పలుచని గ్రాఫైట్ రేకు బలమైన అయస్కాంతాల మీద తేలుతుంది. 1997లో హాలెండ్‌లోనే ఆంద్రే గైమ్ బృందం 16 టెస్లాల బలం గల క్షేత్రంలో బతికున్న కప్పను గాలిలో తేల్చి చూపింది. కప్పను ఎవరూ అతివాహకం అనలేదు! అంతేకాదు, ఇనుము లాంటి అయస్కాంత గుణం కొద్దిగా ఉన్న పలుచని ముక్క ఒకవైపు లేచి నిలబడగలదని, ఇతరులు తయారుచేసిన ఎల్‌కె-99 ముక్కల్లో జరిగింది అదేనని తర్వాత చైనాలో చేసిన పరీక్షలు చూపాయి.

రెండో ‘రుజువు’ ఒక లెక్క. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన సినేడ్ గ్రిఫిన్ ఈ పదార్థంలో ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిలు ఎలా ఉండవచ్చో కంప్యూటర్ మీద లెక్కగట్టారు. అతివాహకతకు అనుకూలించగల లక్షణం ఒకటి అందులో కనిపించింది. అంతే, ‘అమెరికా ప్రయోగశాల ధ్రువీకరించింది’ అన్న మాట ఊరూరా పాకింది. తన లెక్కలు అతివాహకతకు రుజువు కావని ఆమే స్వయంగా చెప్పాల్సి వచ్చింది. నేల నల్లరేగడి అయినంత మాత్రాన పత్తి పండినట్టు కాదు కదా!

మూడోది రుజువు కూడా కాదు, అభిమానం. కొరియా ఘనతను పాశ్చాత్యులు ఓర్వలేకపోతున్నారని కొందరు, ఆసియా వాళ్ల ప్రయోగాలు ఇంతేనని మరికొందరు. ఈ రెండు మాటలకూ ఆ పదార్థంతో ఏ సంబంధమూ లేదు. కొరియాలోని అతివాహకత శాస్త్రజ్ఞుల సంఘమే పరిశీలన కోసం ఒక కమిటీని వేసి, చూపిన ఆధారాలు చాలవని ఆగస్టు తొలివారంలోనే చెప్పింది.

పని చేసినవాళ్లు

ఈ గొడవ నడుస్తుండగానే కొందరు కొలిమి వెలిగించారు. తయారీ పద్ధతి పత్రంలోనే ఉంది. కావలసిన దినుసులూ అరుదైనవి కావు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో అవానా బృందం దాన్ని తయారుచేసి, జూలై నెలాఖరుకే తమ ఫలితాన్ని బయటపెట్టింది. వాళ్ల ముక్క అయస్కాంతం మీద తేలలేదు, అతివాహకత జాడ లేదు. ప్రపంచంలో ఈ పరీక్ష చేసి చెప్పిన తొలి బృందాల్లో ఇదొకటి. మన టీవీ చర్చల్లో ఎన్నింటిలో ఈ మాట వినబడింది?

అసలు చిక్కుముడి విప్పింది ఒక సంఖ్య. కొరియా వారి పత్రంలో నిరోధం సుమారు 104 డిగ్రీల సెల్సియస్ వద్ద హఠాత్తుగా పడిపోతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రజ్ఞుడైన ప్రశాంత్ జైన్‌కు ఆ సంఖ్య పరిచయమే. క్యూప్రస్ సల్ఫైడ్ తన స్ఫటిక నిర్మాణాన్ని మార్చుకునే ఉష్ణోగ్రత అది. ఎల్‌కె-99 తయారీలో వాడే ఒక దినుసులో గంధకం ఉంది, మరో దినుసులో రాగి ఉంది. రెండూ కలిసి క్యూప్రస్ సల్ఫైడ్ మలినంగా మిగిలిపోతుంది. బీజింగ్‌లోని భౌతికశాస్త్ర సంస్థ ఆ మలినాన్ని విడిగా కొలిచి, నిరోధం అలాగే పడిపోతుందని చూపింది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ వారు గంధకం చేరకుండా శుద్ధమైన స్ఫటికాలను పెంచారు. అవి ఊదారంగులో పారదర్శకంగా ఉన్నాయి. వాటి నిరోధం లక్షల ఓములు! అతివాహకం సంగతి దేవుడెరుగు, అది మంచి విద్యుద్బంధకం.

ఇక్కడ గమనించాల్సిందేమంటే, కొరియా శాస్త్రజ్ఞులు మోసం చేశారని ఈ పరీక్షలేవీ చెప్పలేదు. వాళ్లు కొలిచింది నిజంగానే జరిగింది. దానికి చెప్పిన కారణం తప్పు. మన వాదనల్లో మాత్రం ‘నిజం’, ‘మోసం’ అని రెండే అరలు. నిజాయితీగా పొరబడటం అన్న మూడో అర లేదు. విజ్ఞానశాస్త్రంలో ఎక్కువ భాగం ఆ మూడో అరలోనే ఉంటుంది.

మన క్రియాపదాల మాట

ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు నుంచి శాస్త్రవార్తలను తెలుగు చేస్తున్నాను కనుక ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ గందరగోళంలో సగం భాషలోనే మొదలవుతోంది. మూలంలో ‘అంటున్నారు’ అని ఉన్నది తెలుగు పత్రికలోకి వచ్చేసరికి ‘కనుగొన్నారు’ అయిపోతుంది. ‘సూచిస్తున్నది’ కాస్తా ‘తేల్చారు’ అవుతుంది. ‘శాస్త్రవేత్తల వెల్లడి’ అన్నది మనకు బాగా అలవాటైన శీర్షిక. వెల్లడించడమంటే ఏమిటి? దాగి ఉన్న నిజాన్ని బయటపెట్టడం. ఆ మాట వాడిన క్షణమే అది నిజమని మనం ఒప్పేసుకున్నాం. తేల్చడమంటే ఇక వాదన ముగిసిందని అర్థం. వార్త చదివిన మనిషి గట్టిగా వాదిస్తే తప్పు ఆయనది కాదు, మనం అందించిన క్రియది.

విచిత్రమేమంటే, ఈ విషయంలో తెలుగు పేద భాష కాదు. ‘నిన్న పక్క ఊళ్లో వాన పడింది’ అనే మాటకూ ‘వాన పడిందట’ అనే మాటకూ తేడా చదువురాని అవ్వకు కూడా తెలుసు. ఆ చివరి ‘ట’ ఒక్కటీ, ఇది నేను చూసింది కాదు, విన్నది అని చెబుతుంది. ఇంగ్లీషులో ఒక వాక్యం పట్టే జాగ్రత్తను మన భాష ఒక్క అక్షరంలో పెట్టింది. పత్రికా భాష దాన్ని పెరటి భాషగా లెక్కగట్టి వదిలేసింది. అందులో కొంత ఎగతాళి ధ్వనిస్తుందన్నదీ నిజమే. సరే, ‘ట’ వద్దనుకుందాం. ‘ప్రతిపాదించారు’, ‘అంచనా వేశారు’, ‘తమ పరీక్షలో కనిపించిందని చెప్పారు’, ‘వేరొకరు సరిచూడాల్సి ఉంది’ అన్న మాటలకు ఏం కొరత? స్థలం చాలదంటారు ఉపసంపాదకులు. ‘అద్భుతం’, ‘సంచలనం’ అన్న మాటలకు స్థలం చాలుతున్నప్పుడు వీటికీ చాలాలి.

1986లో జ్యూరిచ్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, ముల్లర్ కొత్త తరగతి అతివాహకాలను గుర్తించారు. వాళ్ల పత్రం శీర్షికలో మొదటి మాట ‘బహుశా సాధ్యమైన’ అని అర్థమిచ్చేది. అది తప్పు కాలేదు. టోక్యోలో, హూస్టన్‌లో ఇతరులు సరిచూశారు. మరుసటి ఏడాదే నోబెల్ బహుమతి వచ్చింది. కొరియా పత్రం శీర్షికలో మొదటి మాట ‘తొలి’ అని అర్థమిచ్చేది. జాగ్రత్తగా మాట్లాడితే గొప్ప ఆవిష్కరణ చిన్నదైపోతుందని భయపడేవారికి ఈ రెండు శీర్షికలూ పక్కపక్కన పెట్టి చూపవచ్చు.

వాదన పనికిరాదా?

ఇదంతా చదివి, ‘నిపుణులు తేల్చేదాకా మనం నోరు మూసుకోవాలా?’ అని ఎవరైనా అడగవచ్చు. అక్కర్లేదు. మంచి వాదన మేలే చేస్తుంది. 2018 జూలైలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఇద్దరు శాస్త్రజ్ఞులు వెండి, బంగారం కలిసిన సూక్ష్మ నిర్మాణంలో సున్నాకు 37 డిగ్రీల దిగువన అతివాహకత కనిపించిందన్నారు. అమెరికాలో ఉన్న బ్రయాన్ స్కిన్నర్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఆ పత్రంలోని గ్రాఫును శ్రద్ధగా చూశాడు. వేర్వేరు కొలతలకు చెందిన రెండు గీతల్లో అడ్డదిడ్డంగా ఉండాల్సిన చిన్న ఒడుదొడుకులు అచ్చంగా ఒకేలా ఉన్నాయి. ఇది ఎలా సాధ్యమని అడిగాడు. ఎవరినీ దొంగ అనలేదు. ప్రశ్న ఒక్కటే, అదీ గ్రాఫు మీద. 2019లో ఆ బృందం మరిన్ని కొలతలతో సవరించిన పత్రం ఉంచింది. అయినా ఆ ఫలితానికి ఇతర ప్రయోగశాలల సమర్థన చేకూరలేదు. వాదన ఎలా ఉండాలో స్కిన్నర్ ప్రశ్న చూపుతుంది.

పేరున్న పత్రికలో అచ్చయితే చాలన్న నమ్మకం కూడా ఇక్కడ నిలవదు. అమెరికాలో పనిచేసిన శ్రీలంక సంతతి శాస్త్రజ్ఞుడు రంగా డయాస్ బృందం ఇలాంటి వాదనలే చేసిన పత్రాలను ‘నేచర్’ పత్రిక 2020లో ఒకటి, 2023లో ఒకటి అచ్చువేసింది. మొదటిదాన్ని 2022లో, రెండోదాన్ని 2023లో వెనక్కి తీసుకుంది. అచ్చు అనేది పరీక్షలో ఒక మెట్టు మాత్రమే.

అతివాహకం తేలినా తేలకపోయినా మన ఇంట్లో వచ్చే నష్టమేమిటి అనుకుంటే, 2021 మే నెలను గుర్తుచేసుకోవాలి. కోవిడ్ రెండో ఉధృతిలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో పంచిన మూలికల మందు కోసం వేలాది మంది బారులు తీరారు. ‘దివ్యౌషధం’ అని ఒక వర్గం, ‘మోసం’ అని ఒక వర్గం రాత్రీపగలూ వాదించుకున్నాయి. నిపుణుల నివేదిక వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలను ఆపి, మిగతా మందుకు అనుమతి ఇచ్చింది. ఆ మందు కోవిడ్‌ను నయం చేస్తుందనడానికి ఆధారం లేదని, హాని మాత్రం కనబడలేదని, డాక్టర్లు రాసిన మందులు మానవద్దని చెప్పింది. జనంలోకి వెళ్లింది మాత్రం ‘ప్రభుత్వం ఒప్పుకుంది’ అన్న ముక్క. ‘హాని లేదు’ అన్న మాట ‘పని చేస్తుంది’గా మారడానికి ఒక్క పూట పట్టలేదు. బర్క్‌లీ లెక్క ధ్రువీకరణగా మారిన దారి కూడా ఇదే. అక్కడ పోయింది పరువు. ఇక్కడ పోయేది ప్రాణం.

కాబట్టి శాస్త్రవార్త చేతికందినప్పుడు పాఠకులు నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. ఇది ఎవరి మాట, చేసినవారిదా, చూసినవారిదా? సరిగ్గా దేన్ని కొలిచారు? అదే ఫలితం రావడానికి ఇంకో మామూలు కారణం ఉండవచ్చా? వేరే చోట ఇంకెవరైనా చేసి చూశారా? ఈ నాలుగింటికీ జవాబు వార్తలో లేకపోతే, పక్షం ఎంచుకోకముందే ఆ పత్రికకు ఒక ఉత్తరం రాయండి. ‘కనుగొన్నారు’ అని ఎందుకు వేశారని అడగండి. పాఠకులు అడగడం మొదలుపెడితే, మా బోటి అనువాదకులకు ‘కనుగొన్నామన్నారు’ అని రాయడానికి, ఆ రెండక్షరాల కోసం సంపాదకులతో పోట్లాడటానికి బలం చేకూరుతుంది.