కాలికి కళ్లెం

ఈమధ్య కార్ల షోరూముకి వెళ్తే అడాస్ (డ్రైవరుకి సాయపడే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు) గురించి చెప్పకుండా ఎవరూ వదలరు. బంపర్‌లో రాడార్ ఉంది సార్, అద్దం మీద కెమెరా ఉంది సార్, ముందు బండి ఆగితే మనదీ ఆగుతుంది, అది కదిలితే మనదీ కదులుతుంది, అదే అడాప్టివ్ క్రూజ్. స్టీరింగ్ మీద, ఆ క్రూజ్ బటన్ల పక్కనే, చాలా కార్లలో స్పీడ్ లిమిటర్ అని ఇంకొకటి ఉంటుంది. దాని సంగతి అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. బండితో ఇచ్చిన మాన్యువల్ తిరగేస్తే తప్ప అదొకటి ఉందని తెలియదు. నన్నడిగితే మన రోడ్ల మీద ఈ రెండింట్లో రోజూ పనికొచ్చేది రెండోదే.

తేడా కాలి దగ్గర ఉంది. మామూలు క్రూజ్ కంట్రోల్‌లో గంటకి 80 కిలోమీటర్లు పెట్టి కాలు తీసేస్తే బండి 80లోనే పోతుంది. అడాప్టివ్ క్రూజ్ అయితే ముందున్న బండిని చూసి తగ్గుతుంది, దారి ఖాళీ అయితే మళ్లీ 80కి చేరుతుంది. లిమిటర్‌లో కాలు ఎక్సలరేటర్ మీదే ఉంటుంది. నలభైలో పోవాలంటే నలభై, డెబ్భై అంటే డెబ్భై, అంతా మన ఇష్టం. హద్దుగా పెట్టిన 80 దగ్గరికి వచ్చాక మాత్రం ఎంత తొక్కినా ఇంజిన్ పలకదు. నిజంగా అవసరపడితే పెడల్‌ని అడుగంటా ఒక్కసారి నొక్కాలి, అప్పుడు వదిలేస్తుంది. చాలా కార్లలో ఇది బ్రేక్ జోలికి పోదు కాబట్టి ఘాట్ దిగేటప్పుడు బండి తన బరువుకి తాను హద్దు దాటవచ్చు. ఆ కాస్త ఎరుక ఉంటే చాలు.

ఈ రెండూ ఒక తల్లి బిడ్డలే. అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన రాల్ఫ్ టీటర్ అనే ఇంజినీరు వీటికి ఆద్యుడు. ఆయనకి ఐదేళ్ల వయసులోనే చూపు పోయింది. తన లాయరు నడిపే కారులో కూర్చున్నప్పుడు ఆ లాయరు మాట్లాడుతుంటే బండి నెమ్మదించేదట, వింటుంటే వేగం అందుకునేదట. కళ్లున్నవాళ్లు పట్టించుకోని ఆ కుదుపులు టీటర్ ఒంటికి తెలిశాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం పెట్రోలు, టైర్లు ఆదా చేయడానికి వేగాన్ని గంటకి 35 మైళ్లకి కట్టడి చేయడం కూడా ఆయన ఆలోచనకి ఊతమైంది. 1950లో పేటెంటు వచ్చింది, 1958లో క్రైస్లర్ కంపెనీ ఇంపీరియల్ కారులో పెట్టింది. ఆయన తొలి పరికరం చేసిన పని ఏమిటంటే, అనుకున్న వేగానికి చేరగానే పెడల్‌ని కాలికి ఎదురు తోయడం. అంటే అది ముందు పుట్టింది హద్దు గుర్తుచేయడానికి. వేగాన్ని పట్టి ఉంచి కాలికి విశ్రాంతినిచ్చే ఏర్పాటు ఆ తర్వాత తోడైంది. అమ్మకంలో మాత్రం విశ్రాంతే గెలిచింది.

మన దేశంలో లిమిటర్‌ని అందరికంటే బాగా ఎరిగినవాళ్లు లారీ డ్రైవర్లు. వాళ్ల భాషలో అది గవర్నర్. 2015 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం లారీలు, బస్సులు 80 దాటకుండా, ట్యాంకర్లు, టిప్పర్లు, స్కూలు బస్సులు 60 దాటకుండా గవర్నర్ ఉండాలి. దాని ప్రభావం విజయవాడ హైవే మీద కళ్లారా చూడొచ్చు. ఒక లారీ 78లో పోతోంది, వెనకది 80లో వచ్చి కుడివైపు లేన్‌లోకి మళ్లింది. రెండింటి తేడా గంటకి రెండు కిలోమీటర్లే. ముందుదాన్ని దాటి పక్కకి రావడానికి నలభై మీటర్లు కావాలనుకుంటే నిమిషానికి పైగా పడుతుంది. ఆలోగా రెండు లారీలూ పక్కపక్కన కిలోమీటరున్నర పైనే నడిచిపోతాయి. వెనక కార్లవాళ్లు హారన్ మోగిస్తూ, లైట్లు కొడుతూ ఉంటారు. పాపం ఆ డ్రైవరు ఎంత తొక్కినా అంతే. ఈ చోద్యం ఎప్పుడు చూసినా నాకు ఒకటే అనిపిస్తుంది. నలభై టన్నుల బండిని చట్టం 80 దగ్గర ఆపింది, దాని వెనక 130 అందుకోవాలని ఆత్రపడే కారుని ఆపేది లేదు.

ఇక రాడార్ సంగతి. ముందు గ్రిల్‌లోనో, లోగో వెనకనో ఉండే ఆ చిన్న పెట్టె 77 గిగాహెర్ట్జ్ తరంగాలు పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్ని, వాటి ఫ్రీక్వెన్సీ మారిన తీరుని బట్టి ఎదుటి బండి వేగాన్ని లెక్కగడుతుంది. మా బావమరిది కొత్త కారుకి పూజ చేయించి, బంతిపూల దండ గ్రిల్‌కి కట్టి హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కాడు. క్రూజ్ నొక్కితే ‘సెన్సర్‌కి అడ్డం ఉంది’ అని మెసేజ్. “బావా, లక్ష ఎక్కువ పెట్టి కొన్నది మొదటి రోజే పాడైందా?” అని ఒకటే గోల. దండ విప్పి, పసుపు తుడిచాక మామూలైంది. తడి పూలు రాడార్‌కి అడ్డుగోడే. బురద, స్టిక్కరు, ముందు బిగించే ఇనప గార్డు కూడా అంతే.

దండ తీస్తే పోయే ఇబ్బంది అది. అసలు ఇబ్బంది రాడార్ స్వభావంలో ఉంది. సైన్‌బోర్డులు, డివైడర్ రెయిలింగు, కల్వర్టు గోడ, పైన ఫ్లైఓవర్, అన్నీ తరంగాలని తిప్పి పంపుతాయి. కదలకుండా ఉన్న ప్రతిదానికీ బ్రేక్ వేస్తే బండి ఫర్లాంగు కూడా పోదు. అందుకే కదిలే వాటికి ఇచ్చిన విలువ నిలిచి ఉన్నవాటికి ఇవ్వకుండా ఈ వ్యవస్థలని తయారుచేశారు. కెమెరా తోడయ్యాక కొంత మెరుగైంది గాని, ఆగి ఉన్న వాహనాన్ని గుర్తించకపోవచ్చని మాన్యువల్‌లో ఇప్పటికీ రాస్తారు. రాత్రి పూట సూర్యాపేట దాటాక ఊహించుకోండి. పంక్చరైన లారీ, దానికి టెయిల్ లైట్లు లేవు, హెచ్చరికగా వెనక నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ. మన ముందు పోతున్న కారు దాన్ని చివరి క్షణంలో చూసి పక్కకి తప్పుకుంది. మన రాడార్‌కి అప్పటిదాకా కనిపించిన కారు మాయమైంది, దారి ఖాళీ అనుకుంటుంది, వేగం పెంచుతుంది. వేపకొమ్మ భాష దానికి రాదు.

బ్రేక్ బలమూ తక్కువే. 100లో పోయే కారుని మనిషి పూర్తి బ్రేక్ తొక్కి పొడి రోడ్డు మీద యాభై మీటర్లలోపు ఆపగలడు. ప్రయాణికులు ఉలిక్కిపడకూడదని అడాప్టివ్ క్రూజ్ మెత్తగా పట్టే బ్రేక్‌తో అయితే నూటపది మీటర్లు కావాలి. ఎమర్జెన్సీ బ్రేక్ అనేది వేరే వ్యవస్థ, దానికి దాని హద్దులున్నాయి. పైగా ముందు బండికీ మనకీ రెండు సెకన్ల దూరం వదలమంటే 100లో అది యాభై అయిదు మీటర్లు. మన రోడ్డు మీద యాభై అయిదు మీటర్ల ఖాళీ కనిపిస్తే ఒక ఆటో, రెండు బైకులు అందులో దూరతాయి. దూరిన ప్రతిసారీ కారు వెనక్కి తగ్గుతుంది, వెనకవాడు హారన్ కొడతాడు, చివరికి విసుగొచ్చి మనం ఆ దూరం సెట్టింగుని తెర మీద అన్నిటికంటే తక్కువైన ఒక గీతకి కుదించేస్తాం.

అందుకే నేను పాటించే పద్ధతి ఇది. హైదరాబాద్ అవుటర్ మీద, చుట్టూ కంచె ఉండి, అడ్డంగా వచ్చేవాళ్లు అరుదైన పగటి పూట, అడాప్టివ్ క్రూజ్ హాయి. ఊళ్ల మధ్యగా, మీడియన్ సందులు దాటుకుంటూ, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులని తప్పించుకుంటూ పోయే దారిలో లిమిటర్. కాలు పెడల్ మీదే ఉంటుంది కాబట్టి బ్రేక్‌కి దూరమూ ఉండదు, మెలకువా చెదరదు. స్పీడోమీటర్ చూసుకునే పని తగ్గి కళ్లు రోడ్డు మీదే నిలుస్తాయి. స్పీడ్ గన్ చలానూ తప్పుతుంది.

2019 జూలై నుంచి మన దగ్గర కొత్త కార్లన్నీ 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా బీప్ కొట్టాలి. ఆ బీప్ తీసేయించుకోవడానికి మెకానిక్‌ని వెతుక్కునేవాళ్లున్నారు. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ పోతున్న రోడ్డు వేగ పరిమితిని గుర్తించి హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి, అయినా డ్రైవరు దాన్ని ఆపేసుకోవచ్చు. బయటివాళ్లు పెట్టిన హద్దుని తప్పించుకోవడం మనిషికి సరదా. లిమిటర్ గొప్పతనం ఏమిటంటే ఆ అంకె మనమే పెడతాం, అదీ బండి కదలకముందు, బుద్ధి నిలకడగా ఉన్నప్పుడు. వంద కిలోమీటర్ల దారిలో 100 బదులు 110లో పోతే కలిసొచ్చేది అయిదున్నర నిమిషాలు, టోల్ గేటు దగ్గర ఒక చాయ్‌కి పట్టే సమయం. ఎదర ఖాళీ రోడ్డు, వెనక నచ్చిన పాట ఉన్నప్పుడు ఈ లెక్క ఎవరికీ గుర్తురాదు. అందుకని ముందే 90 పెట్టుకుని బయల్దేరడం మేలు.